అరవై మందిని మోసే దీవి

ఇనుప గొట్టం నేలలోకి మూరెడు దిగి మొరాయించింది. డాక్టర్ ఫర్హానా పిడి మీద తన బరువంతా వేసింది. కదల్లేదు.

"అక్కా, ఓ చెయ్యి వెయ్యి" అంది.

హనుమక్క గాలికి ఎగురుతున్న గొంగడిని నడుముకు బిగించి వచ్చి పిడి పట్టుకుంది. ఇద్దరూ కలిసి తొక్కిపట్టేసరికి గొట్టం ఒక్కసారిగా జారి లోపలికి పోయింది. మళ్లీ పైకి లాగేసరికి ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి ఫర్హానా దాని మూత తీసింది. లోపల మట్టి కొయ్యముక్కలా చెదరకుండా ఉంది. పైన నల్లగా, కింద గోధుమరంగుగా, నడుమ బూడిద చారలతో, అట్టడుగున మసిబారిన సన్నటి పొరతో.

"ఈ మసి చూడక్కా. ఇక్కడ మొదట కాపురమున్నవాళ్లు ఓడ దిగి, చెట్లు తగలబెట్టి, గడ్డికి చోటు చేసుకున్న కాలం ఇది. వెయ్యేళ్లు దాటింది."

"మనం రాకముందు ఈడ చెట్లుండేవా?"

"అడవే ఉండేది" అంది ఫర్హానా.

హనుమక్క కొండవాలు వైపు చూసింది. కనుచూపు మేరలో నడుము ఎత్తు పొద తప్ప చెట్టన్నది లేదు. మూడేళ్ల కింద ఓడ దిగినప్పుడు పచ్చగా కళ్లు చెదిరేలా ఉన్న వాలు మీద ఇప్పుడు అక్కడక్కడ నేల పుండులా బయటపడింది. గాలి వీచినప్పుడల్లా ఆ పుండ్ల నుంచి మట్టి లేచి సముద్రంలోకి పోతోంది.

ఆ దీవిలో పూర్వం కాపురమున్న, ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన నార్స్ జనం దానికి సౌదెయ్ అని పేరు పెట్టారు. గొర్రెల దీవి అని అర్థం. మనవాళ్లు గొర్రెలంక అనేశారు. మనవాళ్లంటే అనంతపురం జిల్లా నుంచి వచ్చిన మందల వాళ్లు. అక్కడ ఏడేళ్లు వరసగా వాన చుక్క పడక మేత భూములన్నీ ఎర్రటి దుమ్మయ్యాయి. మందలు కబేళాలకు పోయాయి, మనుషులు ట్యాంకరు నీళ్ల చుట్టూ గుడారాలు వేసుకున్నారు. అదే కాలంలో భూమి వేడెక్కి, ఉత్తర అట్లాంటిక్‌లో శతాబ్దాలుగా మనిషి లేని దీవులు పచ్చబడ్డాయి. దీవుల పునరావాస సంస్థ అని ఒకటి వెలిసి, గొర్రెలు కాయడం తెలిసిన కుటుంబాలను ఏరి, చలిని తట్టుకునే గొర్రెలనిచ్చి ఆ దీవుల్లో దించింది. మేకలు కావాలని మనవాళ్లే పట్టుబట్టి తెప్పించుకున్నారు. నూటికి పైగా జనం, తొమ్మిది వందల గొర్రెలు, నూరు మేకలు. పెద్దగా ఎన్నుకున్నది హనుమక్కను. యాభై నాలుగేళ్ల మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు బొమ్మయ్య ఒక్కడే ఆమెకు మిగిలిన రక్తం.

ఇక ఫర్హానా తెచ్చిన యంత్రం సంగతి. ఏ జంతువైనా నేల మీద పేడ వేసినా, ఉచ్చ పోసినా, ఒక వెంట్రుక రాల్చినా దాని డీఎన్ఏ కొంత మట్టిలో ఇంకుతుంది. చలి నేలల్లో అది వేల ఏళ్లు చెడదు. దాని పైన మరో ఏటి మట్టి, మరో ఏటి పేడ. మధ్యమధ్య దూరాన ఎక్కడో అగ్నిపర్వతం పేలితే వచ్చిపడిన బూడిద. ఆ బూడిదను బట్టి ఏ పొర ఏ కాలానిదో తెలుస్తుంది. కోర్ రీడర్ అనే ఆ యంత్రం పొరపొరనూ చదివి, ఫలానా కాలంలో ఈ నేల మీద ఎన్ని గొర్రెలున్నాయి, ఏ గడ్డి మొలిచింది, గాలికి ఎంత మట్టి పోయింది అన్నది స్క్రీన్ మీద గీతలుగా చూపిస్తుంది. అంతటితో ఆగదు. ఇవాళ ఉన్న మందను దానికి చెబితే, ఆ మందతో రేపు ఈ నేలకు ఏమవుతుందో కూడా గీస్తుంది.

మర్నాడు అందరూ కూడే పెద్ద కొట్టంలో ఫర్హానా ఆ గీతలు చూపించింది. ఆమెది ఆదోని. మట్టి మీద పరిశోధన చేసి డాక్టరయినా, వీళ్లతో మాట్లాడేటప్పుడు సొంత ఊళ్లో అరుగు మీద కూర్చున్నట్టే మాట్లాడేది.

"ఇది మొదట్లో. ఆవులు, పందులు, మేకలు, గొర్రెలు అన్నీ తెచ్చుకున్నారు. అడవి తగలబెట్టారు. పందులు నేలను పెళ్లగించాయి, మేకలు మొలకను బతకనీలేదు. చూడండి, మట్టి ఎంత కొట్టుకుపోయిందో. రెండు మూడు తరాలకు ఈ జనం చావు అంచుకొచ్చారు. అక్కడ ఏం చేశారంటే, పందుల గీత ఆగిపోయింది. మేకల గీతా ఆగిపోయింది. గొర్రెల గీత సగానికి దిగి, ఆ తర్వాత ఇట్లా సమంగా, రెండు వందల ఏళ్లు, దారం లాగి పట్టినట్టు."

కొట్టమంతా ఆ దారాన్ని చూసింది. కరువు తప్ప ఎరగని వాళ్లకు రెండు వందల ఏళ్లు చెక్కుచెదరని గీత ఎంతో అందంగా కనిపించింది.

"యట్ల చేసినారమ్మా?" అని అడిగింది హనుమక్క.

"అటువైపు దీవుల పాత చట్టాలు రాతలో మిగిలాయక్కా. కొండ అందరిదీ, కానీ ఒక్కో ఇంటికి ఇన్ని గొర్రెలని వంతు ఉండేది. శీతాకాలం ముందు పెద్దమనుషులు ఇంటింటి గడ్డివామి చూసేవాళ్లు. వామికి మించిన జీవాన్ని ఆ వారమే కోసి ఎండబెట్టాలి. పక్షిగూటిలో గుడ్లు తీసినా కొన్ని తల్లికి వదలాలి. సముద్రం కొట్టుకొచ్చిన మానుక్కూడా పంపకం ఉండేది."

"మన వామికి ఎన్ని బతుకుతాయి?"

ఫర్హానా స్క్రీన్ మీద అంకె చూపించింది. "నాలుగు వందలు. మేకలు ఒక్కటి కూడా వద్దు."

బొమ్మయ్య లేచాడు. మేకలన్నీ అతని కాపులోనే ఉన్నాయి. ముప్పై ఏళ్లుంటాయి, కోపమొస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

"ఎప్పుడో సచ్చినోళ్ల పెంట చూసి మా మందను కోయమంటాండావు. మాకు ఇంటికాడ మందల్ని అమ్ముకున్న ఏడుపు ఇంకా ఆరలా, డాక్టరమ్మా. కార్తీకంలో ఓడ మేత తెస్తాదని సంస్థోళ్లే చెప్పినారు కదా."

అందరి చూపూ హనుమక్క మీదికి పోయింది. కత్తి పెట్టండి అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే జనం వినేవాళ్లే. ఆమె తమ్ముడి ముఖం చూసింది.

"ఓడ వస్తాది. చూద్దాం" అంది.

ఓడ రాలేదు. కార్తీకంలో లేచిన తుఫాను తగ్గితే మంచు, మంచు తగ్గితే మళ్లీ తుఫాను. ఓడ రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కి తిరిగిందని ఉపగ్రహ ఫోన్‌లో చెప్పారు. సూర్యుడు మధ్యాహ్నం కాసేపు కొండ అంచున ఎర్రగా తొంగిచూసి పోయేవాడు. పుష్యమాసానికి వామి నేలమట్టమైంది.

సముద్రపు నాచు ఏరుకొచ్చి గొర్రెలకు వేశారు. కొన్ని తిన్నాయి, కొన్ని ముఖం తిప్పుకున్నాయి. చేపతలకాయలు ఉడికించి పోశారు. పరుపుల్లో కుక్కిన గడ్డి తీసి వేశారు. చివరికి ఇంటి కప్పు మీది పచ్చిక పలకల్ని పెరికి వేసి, ఆ కన్నాలకు టార్పాలిన్లు కట్టుకున్నారు. గొర్రెలు ఒకదాని వీపు మీది ఉన్ని ఒకటి పీక్కుతినడం మొదలుపెట్టాయి. తెల్లారి దొడ్డి తలుపు తీస్తే నిలబడ్డవాటి కాళ్ల మధ్య పడిపోయినవి ఉండేవి. వాటి మీద కోసి తినేంత కండ లేదు. మనుషుల ఆలుగడ్డలు కూడా అడుగంటాయి. బొమ్మయ్య పెళ్లాం కెంచమ్మకు ఆరో నెల. ఆమె చేతులు సన్నబడి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

హనుమక్క ఫర్హానా గదికి పోయింది. "ఇప్పుడు కోస్తే?"

ఫర్హానా ఆ మాట కోసమే కూర్చున్నట్టు స్క్రీన్ ఇటు తిప్పింది. "ఇప్పుడు మూడింట రెండొంతులు పోవాలి. వయసులో ఉన్న గొర్రెల్ని, చూడి నిలిచినవాటిని ఉంచితే, మిగిలిన నాచుతో, చారెడు గడ్డితో ఎండలు ముదిరేదాకా బతుకుతాయి. ఇంకో పక్షం ఆగితే ఒక్కటీ మిగలదు."

"ముందే వినింటే సగంతో పోయేది."

"అవునక్కా."

ఆ రోజే మొదలైంది. హనుమక్క ఒక్కో గొర్రె వెన్ను తడిమి, పళ్లు చూసి, ఇటు లేక అటు అని తోసేది. అటు పోయినవాటి దగ్గర నలుగురు మొగవాళ్లు కత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేదు. దొడ్డి ఖాళీ అవుతుంటే హనుమక్కకు చేతులు మొద్దుబారి, ఆఖర్న ఏ జీవి ఎవరిదో కూడా పోల్చుకోలేకపోయింది.

మేకల వంతు వచ్చేసరికి మేకలు లేవు. బొమ్మయ్యా లేడు.

చూడి గొర్రెల కోసమని దాచిన ఆఖరి గడ్డిమోపులు కూడా తగ్గుతున్నాయని రెండు రోజులకు తెలిసింది. మంచు మీద రాలిన గడ్డిపరకల జాడ పట్టుకుని హనుమక్క, కత్తులున్న మొగవాళ్లతో కలిసి దక్షిణపు ఒడ్డుకు దిగింది. అక్కడ కొండ కింద సముద్రం తొలిచిన గుహ ఉంది. మేకలు ఎముకలగూళ్లలా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. బొమ్మయ్య వాటి నడుమ కూర్చుని, తన గొంగడిని ఒక మేకపిల్లకు కప్పి, దాని నోట్లో గడ్డి పెడుతున్నాడు.

"ఆ గడ్డి యాడిది బొమ్మయ్యా?"

"నీకు తెలుసు కదక్కా."

"ఆ గడ్డి తింటేనే చూడి గొర్రెలు నిలబడతాయి. అవి ఈనితేనే ఎండలొచ్చినాక నీ పెళ్లానికి పాలు."

"ఇవీ చూడివే. చెయ్యి పెట్టి చూడు."

హనుమక్క చెయ్యి పెట్టి చూడలేదు. వెనక్కి తిరిగి, తనతో వచ్చినవాళ్లకు తలాడించింది. బొమ్మయ్య అడ్డం రాలేదు. గుహ గోడకు ముఖం తిప్పుకుని, అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. కోసినవాటన్నిటి మాంసంతో జనం మాఘమంతా వెళ్లదీశారు. కెంచమ్మకు గంజిలో పులుసు కలిపి హనుమక్కే తాగించింది. బొమ్మయ్య మేక కూరకు చెయ్యి తగిలించలేదు. అక్కతో మాటా మానేశాడు.

ఎండలు వచ్చాయి. మిగిలిన గొర్రెలు ఈనాయి. కెంచమ్మ ఆడపిల్లను కన్నది. దీవిలో కాన్పులన్నీ చేసే గంగులమ్మ పసిదాన్ని తలకిందులుగా పట్టి వీపు చరిస్తే, అది ఏడ్చిన ఏడుపుకు కొట్టం బయట నిలబడ్డవాళ్లంతా నవ్వారు. చాలా నెలల తర్వాత దీవిలో నవ్వు వినిపించింది అప్పుడే. కొండవాలు మీద పుండ్ల అంచుల నుంచి సన్నటి గడ్డి లోపలికి పాకడం మొదలైంది. యంత్రం సరిగ్గా చెప్పిందని అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడు ఓడ వచ్చింది. సంస్థ తరఫున ప్రభంజన్ అనే అధికారి దిగాడు. మర్యాద తెలిసినవాడు. హనుమక్కకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు.

"ఈ చలికాలం మిగతా దీవుల్లో మందలు పూర్తిగా పోయాయి, హనుమక్కగారూ. మీ ఒక్క దీవిలోనే మిగిలింది. కోర్ రీడర్ పంపిన నివేదిక మా పైవాళ్లు చదివారు. ఇక అన్ని దీవులనూ దాని ప్రకారమే నడపాలని నిర్ణయించారు."

"సంతోషం సార్" అంది హనుమక్క.

"అందులో ఈ దీవి మోయగలిగింది నాలుగు వందల గొర్రెలని ఉంది. మనుషులు అరవై అని ఉంది. మీరు నూట పన్నెండు మంది ఉన్నారు. మిగతావాళ్లను ఓడలో వెనక్కి తీసుకుపోతాం. ఎవరు పోవాలన్నది మీరే చెప్పండి. గొర్రెల విషయంలో మీరు చేసిన ఎంపిక చాలా బాగుందని రాశారు."

హనుమక్క నేరుగా ఫర్హానా గదికి నడిచింది. ఫర్హానా తలెత్తలేదు. స్క్రీన్ మీద గొర్రెల గీత కింద ఇంకో సన్నటి గీత ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ చూపనిది. అదీ దారం లాగి పట్టినట్టు సమంగానే ఉంది.

"ఇది మనుషులదా?"

"మనిషి మలం గుర్తులు కూడా మట్టిలో ఉంటాయక్కా. నాకు వానాకాలం నుంచే తెలుసు. నేను దాచినా యంత్రం దానంతటదే పంపుతుంది."

"రెండు వందల ఏండ్లు అరవై మందే ఉన్నారా? పిల్లల్ని కనలేదా వాళ్లు?"

"కన్నారు" అంది ఫర్హానా. "పాత కాలపు రాతల్లో ఉందక్కా. కరువు ఏట పుట్టిన బిడ్డను పాలివ్వకుండా బయట పెట్టి రావడానికి ఒప్పుకునేవాళ్లు. ఇక్కడా అంతే చేశారో, పెద్దవాళ్లే ఏ పడవ ఎక్కి పోయారో మట్టి చెప్పదు. గీత సమంగా ఉందని మాత్రమే చెబుతుంది."

హనుమక్క స్క్రీన్ ముందు కూర్చుంది. కొట్టంలో తామంతా నోరు తెరిచి చూసిన గొర్రెల గీత నిలిచింది దీని మీదే.

"నేను ఒకటి చేయగలను" అంది ఫర్హానా మెల్లగా. "పక్షుల కొండ కింద మట్టి బలంగా ఉంటుంది. అక్కడ కోర్ తీసి చదివిస్తే నూట ఇరవై అని వస్తుంది. సంస్థకు తేడా తెలీదు."

"అప్పుడు మేమందరం ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"ఎన్నాళ్లు?"

"పదేళ్లేమో. ఆ తర్వాత మట్టి ఉండదక్కా, రాయి మిగులుతుంది. ఆ రాయి మీద ఉండేది బొమ్మయ్య కూతురు."

హనుమక్క ఆ గీత మీద వేలు పెట్టింది. "ముసిలోళ్లనూ చంటిపిల్లల్నీ ఒకే లెక్కన చూస్తాదా నీ యంత్రం?"

"తిండి లెక్కే దానిది. ఎవరైనా ఒక తలే."

"అయితే వద్దులే. కోర్ తీయొద్దు" అని లేచింది.

ఒడ్డు మీద జనాన్ని కూడగట్టి ఆమె చెప్పింది ఒక్కటే మాట. "నేను ఓడెక్కుతాండా. నా ఈడు దాటినోళ్లు నాతో రాండి. చిన్నోళ్లు ఉండల్ల."

మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక ముసలాయన వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతని వెనక అతని భార్య. అలా ముప్పై మందికి పైగా వచ్చారు. చాలకపోతే పెళ్లికాని మగపిల్లలు కొందరు, ఇంటికాడ గుడారాల్లో తల్లిదండ్రులను వదిలి వచ్చినవాళ్లు కొందరు చేరారు. ప్రభంజన్‌కు ఇది నచ్చలేదు. మీరు పోతే మంద ఎవరు చూస్తారని అడిగాడు. హనుమక్క తమ్ముడి వైపు చెయ్యి చూపించింది.

పడవ ఎక్కే ముందు బొమ్మయ్య దగ్గరికి వచ్చాడు. గుహ దగ్గర ముఖం తిప్పుకున్నాక అక్కతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

"వచ్చే ఆశ్వయుజంలో వామి చూసి కోయల్ల కదా" అన్నాడు. "ఏవి ముందు అక్కా?"

"పళ్లు అరిగినవి. రెండేండ్లు ఈననివి. వెన్ను తడిమితే నీకే తెలుస్తాది."

"నా చేత కాదు."

"నా చేతా కాలేదప్పా. చేసినాను, అంతే."

అతను చంటిదాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె దాని నుదురు ముద్దాడి, కెంచమ్మకిచ్చి పడవ ఎక్కింది. ఫర్హానా కూడా అదే ఓడలో పోయింది. మిగతా దీవులన్నిటికీ ఇప్పుడు ఆమె యంత్రం కావాలి.

అనంతపురం పక్కన గుడారాల్లో హనుమక్క మళ్లీ ట్యాంకరు వరుసలో నిలబడటం నేర్చుకుంది. వాన ఇంకా పడలేదు. ఓడలో తనతో వచ్చిన ముసలివాళ్లలో కొందరు ఆ వేసవి దాటలేదు. గొర్రెలంక నుంచి మాత్రం మంచి కబురే వచ్చేది. బొమ్మయ్య కోతలు సరిగ్గా చేశాడు. చలికాలంలో ఒక్క జీవమూ మేత లేక చావలేదు. కొండవాలు పుండ్లు మానుతున్నాయి. అరవై మంది, నాలుగు వందల గొర్రెలు. ఆ దీవి ఫోటో సంస్థవాళ్ల ఆఫీసులన్నిట్లో పెట్టారట.

ఒక మధ్యాహ్నం ఆమె ట్యాంకరు వరుసలో ఉండగా బొమ్మయ్య ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గి ఉంది.

"అక్కా, కెంచమ్మకు మళ్లీ నెల తప్పింది."

"మంచిదే కదప్పా" అంది హనుమక్క. అన్నాక, అరవైకి ఒక తల ఎక్కువవుతుందన్న లెక్క తట్టింది.

"ఎవురూ మంచిదనలేదక్కా. చెప్పినప్పుడు అందరూ నేల చూసినారు."

"ఇప్పుడు ఆడ అందరికన్నా పెద్ద ఎవురు?"

"గంగులమ్మ. ఆమెకింకా యాభై కూడా లేవు. ఎవురూ పొమ్మనలా. ఆమే మూట సర్దుకుంటాంది."

"ఆమె పోతే కాన్పు ఎవురు చేస్తారు?"

"చేసే పోతా అంటాంది. నిన్న కెంచమ్మ కడుపు పట్టి చూసి, బిడ్డ బతికి బట్టకడితే ఓడెక్కుతా, లేకుంటే నేను పోయే పనుండదు కదా అని నవ్వింది. ఊరికే అనిందిలే అక్కా. మంచి మనిషి. కానీ కెంచమ్మ అప్పటినుంచి నిద్రపోవడం లేదు."

హనుమక్క బిందె కింద పెట్టింది. వరుసలో వెనకున్నవాళ్లు ఆమెను దాటి ముందుకు పోతున్నారు.

"నువ్వూ కెంచమ్మా పిల్లను తీసుకుని వచ్చేయండి, బొమ్మయ్యా. ఓడ వచ్చిన రోజే ఎక్కేయండి."

అవతల సముద్రపు గాలి హోరుమంది.

"యాడికక్కా?" అన్నాడు బొమ్మయ్య.